స్పీకర్ ఆపి మాట్లాడుకుందాం, అక్కా!

వినికిడి తగ్గుతున్న ఇంట్లో అన్నిటికంటే ముందు మారేది ఫోను మాట్లాడే తీరు. మొదట వాల్యూము చివరిదాకా పెంచుతాం. ఆ తర్వాత స్పీకర్ పెడతాం. అదీ చాలనప్పుడు ఫోను మోగగానే ఇంట్లో ఎవరి చేతికో ఇచ్చేసి, పక్కన కూచుని "ఏమంటోందిరా?" అని అడుగుతాం. అటు కూతురు పావుగంటసేపు చెప్పినదంతా "అందరూ బాగానే ఉన్నార్ట" అన్న ఒక్క ముక్కయి మనకి చేరుతుంది.

అక్కా, స్పీకర్ పెట్టి మాట్లాడే అమ్మకి కూతురు మనసులో మాట ఎలా చెప్పుకుంటుంది? ఒంట్లో నలత, డబ్బు ఇబ్బంది, అత్తింటి సంగతి... అమ్మకి మాత్రమే చెప్పాలనుకున్నవి హాలంతా వినబడతాయని తెలిస్తే "ఏం లేదమ్మా, అంతా బాగానే ఉంది" అని పెట్టేస్తుంది. వినికిడితోపాటు మనం పోగొట్టుకుంటున్నది ఆ చాటుమాటల్ని. వాటిని తిరిగి తెచ్చుకునే దారి ఇవాళ ఉంది. ఫోనులో మాట నేరుగా చెవిలో పడేలా చేసే వినికిడి మిషన్లు వచ్చాయి. ఏది ఎలా ఎంచుకోవాలో ఈసారి అదే ముచ్చటించుకుందాం.

"ఎదురుగా ఉన్నవాళ్ల మాట తెలుస్తుంది, ఫోనులోనే తెలియదు" అని చాలామంది అంటారు. దానికి కారణముంది. ఎదురుగా ఉన్న మనిషి పెదవుల కదలిక, మొహం మనకి సగం మాట అందిస్తాయి. ఫోనులో అవి ఉండవు. పైగా మామూలు ఫోను కాల్ చాలాకాలం 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా ఉన్న ధ్వనినే మోసుకొచ్చేది. 'స' లాంటి అక్షరాల పదును అంతకంటే పైన ఉంటుంది. వయసుతో ముందు తగ్గేది కూడా ఆ సన్నని ధ్వనులు వినే శక్తే. అందుకే గొంతు వినబడుతుంది, మాట అర్థం కాదు. పాలన్నారో, కాలన్నారో, తాలన్నారో తేలదు. వాల్యూము పెంచితే గోల పెరుగుతుందే గానీ స్పష్టత రాదు.

ఇక మిషను కొట్టుకి వెళ్లేముందు చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లండి. గుబిలి గట్టిపడి అడ్డుపడినా వినికిడి తగ్గుతుంది, అది తీయిస్తే సరిపోతుంది. చెవిలో చీము కారుతుంటే ముందు దానికి వైద్యం కావాలి. ఒక చెవి వినికిడి ఉన్నట్టుండి ఒకటి రెండు రోజుల్లో పడిపోతే మాత్రం రేపుమాపు అనకండి, ఆ రోజే వెళ్లండి. ఆలస్యమైనకొద్దీ మందులు పనిచేసే అవకాశం తగ్గిపోతుంది.

తర్వాత ఆడియాలజిస్టు పరీక్ష. బయటి చప్పుడు చొరబడని గదిలో కూచోబెట్టి సన్నటి శబ్దాలు వినిపిస్తారు. దాన్నిబట్టి గీసిచ్చే కాగితమే ఆడియోగ్రామ్. ఏ ధ్వని ఎంత తగ్గిందో అందులో ఉంటుంది. దాని కాపీ అడిగి తీసుకోండి, అది మీది. ఆడియాలజిస్టుకి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడంలో తప్పేమీ లేదు. మొహమాటపడకండి.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. కొట్లో "దీనికి బ్లూటూత్ ఉందమ్మా" అంటారు. అక్కడ ఆగి ఒక్క ప్రశ్న వేయండి. "బ్లూటూత్ ఉంటే ఫోనులో మాట నేరుగా నా చెవిలోకి వస్తుందా, లేక ఫోనుతో సౌండు పెంచడం తగ్గించడం వరకేనా?" కొన్ని మిషన్లలో బ్లూటూత్ ఉన్నా అది యాప్‌తో సౌండు మార్చుకోవడానికే. కాల్ మాట అందులో రాదు. ఈ తేడా తెలియకే చాలామంది డబ్బు పోసి నిరాశపడుతున్నారు.

నేరుగా మాట వచ్చేవాటిలోనూ రకాలున్నాయి. ఐఫోన్ కోసం తయారైనవి 2014లో రీసౌండ్ లింక్స్‌తో మొదలయ్యాయి. ఆండ్రాయిడ్ ఫోన్లకి గూగుల్ 'ఆషా' అనే పద్ధతిని 2018లో ప్రకటించింది. అది ఆండ్రాయిడ్ 10 నుంచి వచ్చింది, కానీ ప్రతి కంపెనీ ఫోనులోనూ ఉండదు. మనలో ఎక్కువమంది చేతుల్లో ఉన్నవి ఆండ్రాయిడ్ ఫోన్లే కాబట్టి ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఫోనాక్ కంపెనీ మార్వెల్ లాంటి రకాలతో ఇంకో దారి పట్టింది. మామూలు ఇయర్‌ఫోన్లు కలిసే పాత బ్లూటూత్‌తోనే అవి కలుస్తాయి. అందుకని ఖరీదు తక్కువ ఫోన్లతోనూ పనిచేస్తాయి. వీటన్నిటి తర్వాత వచ్చింది ఎల్ఈ ఆడియో అనే కొత్త బ్లూటూత్ పద్ధతి. 2022లో దాని ప్రమాణాలు పూర్తయ్యాయి. తక్కువ బ్యాటరీతో మంచి శబ్దమిస్తుంది. సభల్లో, విమానాశ్రయాల్లో ప్రసారాన్ని నేరుగా చెవిలో వినిపించే ఆరాకాస్ట్ కూడా ఇందులోదే. మిషను కొన్నేళ్లు వాడుకునే వస్తువు కాబట్టి, ఇప్పుడు కొనేవాళ్లు ఎల్ఈ ఆడియో ఉందా అని అడగడం మంచిది.

ఈ పేర్లన్నీ గుర్తుండకపోయినా ఫరవాలేదు. ఒక్కటి చేయండి. మీరు రోజూ వాడే ఫోను తీసుకెళ్లండి. కొట్టువాళ్ల ఫోనులో బాగా వినబడినంత మాత్రాన ఒప్పుకోకండి. మీ ఫోనుతో కలిపించి, అక్కడినుంచే కూతురికో చెల్లెలికో చేయండి. మామూలు కాల్ ఒకటి, వాట్సాప్ కాల్ ఒకటి, వీడియో కాల్ ఒకటి చేయండి. ఒకదానిలో బాగా వచ్చినది ఇంకోదానిలో రాకపోవచ్చు. రెండు చెవుల్లోనూ వస్తోందా చూడండి. మీ మాట అవతలికి ఎక్కడినుంచి వెళ్తోందో అడగండి. కొన్ని మిషన్లు తమ మైకుతోనే మీ మాట పట్టుకుంటాయి. వాటితో ఫోను గట్టుమీద వదిలేసి వంట చేసుకుంటూ మాట్లాడుకోవచ్చు. కొన్నిటికి ఫోను నోటి దగ్గర పట్టుకోక తప్పదు. చివరగా, ఫోను ఒకసారి ఆపి మళ్లీ వేసి, దానంతటదే కలుస్తోందా చూడండి. ఇంట్లో మీరొక్కరే ఉన్నప్పుడు అవసరమయ్యేది అదే.

ఇంకోమాట. "బయటికి కనబడనిదే కావాలి" అని అడగాలని మనకి ఉంటుంది. చెవిలోపల పూర్తిగా ఇమిడిపోయే బుల్లి మిషన్లలో బ్యాటరీకీ యాంటెనాకీ చోటుండదు. అందుకే వాటిలో చాలావాటికి ఫోను మాట రాదు. చెవి వెనక కూచుని సన్నటి తీగతో లోపలికి వెళ్లేవాటిలో ఈ సదుపాయం ఎక్కువ. కళ్లజోడు పెట్టుకుని పెళ్లికి వెళ్తున్నాం కదా, దీనికి సిగ్గెందుకు?

అమెరికాలో ఉన్న పిల్లలు "అమ్మా, మేము కొని పంపిస్తాం" అంటారు. అక్కడ 2022 అక్టోబరు నుంచి డాక్టరు చీటీ లేకుండానే కొన్ని మిషన్లు అమ్ముతున్నారు. 2024 సెప్టెంబరులో యాపిల్ ఎయిర్‌పాడ్స్ ప్రో 2లోని వినికిడి సదుపాయానికి కూడా అక్కడి ఆరోగ్య ఉత్పత్తుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. ఇవన్నీ పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లలో కొద్దిపాటి నుంచి మధ్యస్థంగా తగ్గిన వినికిడికే. పంపించేముందు ఆడియోగ్రామ్ ఫొటో పిల్లలకి పంపండి. ఆ కంపెనీ మిషనుకి మీ ఊళ్లో సర్దుబాటు చేసేవాళ్లున్నారా అన్నదీ కనుక్కోండి. మిషను ఒక్కరోజులో కుదిరేది కాదు. రెండు మూడుసార్లు వెళ్లి సౌండు సరిచేయించుకోవాల్సి ఉంటుంది.

ధరలు వేలల్లో మొదలై లక్షల దాకా ఉన్నాయి. అంత పెట్టలేమని ఊరుకోవద్దు. సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో వినికిడి లోపాలకి సంబంధించిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రముంది. హైదరాబాదు కోఠీలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. ఆదాయం తక్కువున్నవాళ్లకి వినికిడి మిషన్లు ఇచ్చే ఏడిప్ అనే కేంద్ర పథకముంది. అక్కడ దొరికేవాటికి ఫోను మాట రాకపోయినా నిరాశపడనక్కర్లేదు. మాట్లాడేటప్పుడు ఫోనుని చెవి రంధ్రానికి కాకుండా, చెవి పైన మిషను మైకు ఉన్నచోట ఆనించండి. చాలామందికి అదే చాలు. ఆండ్రాయిడ్ ఫోనులో ఎదురుగా ఉన్నవాళ్ల మాటని తెరమీద అక్షరాలుగా చూపే లైవ్ ట్రాన్స్‌క్రైబ్ ఉచితం.

కొన్నాక రోజూ పెట్టుకోండి. మొదటి వారాల్లో మీ గొంతు మీకే కొత్తగా ఉంటుంది, గిన్నెల చప్పుడు చెవిలో మోగుతుంది. మెదడు అలవాటు పడాలి, దానికి వ్యవధివ్వండి. కాల్ మాట చెవిలోకి వస్తున్నంతసేపూ బ్యాటరీ ఎక్కువ ఖర్చవుతుంది, కాబట్టి రాత్రి ఛార్జింగు మరవకండి. వానాకాలంలో తేమ లాగే డబ్బాలో పెట్టుకోండి. ఫోను మార్చాలనుకున్నప్పుడు కొత్త ఫోనుతో మిషను కలుస్తుందో లేదో చూసుకున్నాకే మార్చండి.

చెల్లెళ్లూ, ఈ మాట మీకు. అమ్మ తానుగా అడగదు. "ఈ వయసులో నాకెందుకే" అంటుంది. ఆ మాట పట్టించుకోకుండా చేయి పట్టుకుని పరీక్షకి తీసుకెళ్లండి. మిషను ఎంచేటప్పుడు పక్కనే ఉండండి. కుదరకపోతే, ఆ కొట్లోంచి అమ్మ చేసే మొదటి ఫోను ఎత్తేది మీరే కావాలి. అక్కలూ, ఇంట్లో నాన్నగారికి కళ్లజోడు, మనవడికి ల్యాప్‌టాప్ కొనేటప్పుడు ఎవరూ ఎందుకని అడగలేదు. మీ చెవి విషయంలోనూ అడగనివ్వకండి. మీ బిడ్డ మాట ఇంకొకరు వినిచెప్పే అవసరం లేకుండా మీ చెవినే పడాలి. ఆ హక్కు మీది.