నాచుకణం చదివే కబురు

అమ్మడూ,

నీ ప్రశ్న నాకెంతో నచ్చింది. "సైక్లిక్ ఏఎంపీ హార్మోన్ల పాఠంలోది కదా పెద్దమ్మా, శైవలాల పేపర్లో ఎందుకొచ్చింది?" అన్నావు. తప్పు నీది కాదు, పాఠాలు కట్టిన గోడలది. 1950ల్లో అమెరికాలో ఎర్ల్ సదర్లాండ్ అడ్రినలిన్ కాలేయం మీద ఎలా పనిచేస్తుందో వెతుకుతూ ఈ అణువును పట్టుకున్నాడు. 1971లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అప్పట్నుంచీ అది జంతువుల సొత్తన్నట్టు చెబుతూ వచ్చాం. నిజానికి అది బ్యాక్టీరియాలో ఉంది, బూజుల్లో ఉంది, కుంటలో పచ్చబడ్డ నీళ్లలోనూ ఉంది.

క్లామిడోమోనాస్ రైన్‌హార్టియై సంగతి చెబుతాను విను. మిల్లీమీటరులో వందో వంతు ఉండే ఒంటికణపు నాచు అది. ముందువైపు రెండు కశాభాలు. నత్రజని దొరికినంతకాలం విభజన చెందుతూ పోతుంది. నత్రజని కరువైతే ఆ కణాలే సంయోగబీజాలవుతాయి, ప్లస్ అని కొన్ని, మైనస్ అని కొన్ని. మైక్రోస్కోపులో చూస్తే ఏది ఏదో పోల్చుకోలేవు. రెంటినీ ఒక చుక్కలో కలిపి చూడు, వెంటనే తెలిసిపోతుంది. కశాభాలు ఒకదానికొకటి అంటుకుని, కణాలు గుంపులు గుంపులుగా ముద్దకడతాయి. కాసేపటికి ఆ గుంపులు విడిపోయి జంటలవుతాయి. ఆపైన నాలుగు కశాభాలతో ఈదే కణాలు కనిపిస్తాయి. అవే సంయుక్తబీజాలు.

కశాభాలు అంటుకోవడానికీ కణాలు కలిసిపోవడానికీ మధ్య చాలా పని జరగాలి. కణకవచాన్ని కరిగించే ఎంజైము బయటికి రావాలి. ప్లస్ కణం ముందుభాగంలో ఆక్టిన్ తంతువులతో సన్నని గొట్టం లేవాలి. కొనకొనలు తాకాయని కణం లోపలికి ఎవరు చెబుతారు? కశాభాలు అంటుకోగానే కణంలో సైక్లిక్ ఏఎంపీ దాదాపు 10 రెట్లు పెరుగుతుంది. అయితే, పెరిగిందని తేలినంత మాత్రాన అదే కారణమని చెప్పడానికి లేదు. అది పని జరగడం వల్ల పెరిగిందేమో!

ఆ అనుమానం తీర్చిన ప్రయోగాన్ని 1987లో పాస్క్వాలే, ఉర్సులా గుడినఫ్ అనే పరిశోధకులు ప్రచురించారు. వాళ్లు ఒకే రకం సంయోగబీజాలను తీసుకున్నారు. జత లేదు, తాకిడి లేదు. మామూలు సైక్లిక్ ఏఎంపీ కణత్వచాన్ని సులువుగా దాటలేదు కాబట్టి, దాటగలిగేలా మార్చిన డైబ్యూటిరిల్ రూపాన్ని కలిపారు. దానితోపాటు ఐబీఎంఎక్స్ అనే మందు కూడా కలిపారు. జత లేకుండానే ఆ కణాలు కవచం విడిచాయి, కలయికకు సిద్ధమయ్యాయి.

కవచం విడిచిందని ఎలా తెలుస్తుందో తెలుసా? ఈ పరీక్ష నీ చేత చేయించాలని నా కోరిక. కణాల మీద కాస్త డిటర్జెంటు పోసి, సెంట్రిఫ్యూజులో తిప్పుతారు. కవచం ఉన్న కణాలు తట్టుకుని అడుక్కి దిగుతాయి, పైన నీరు తేటగా ఉంటుంది. కవచం లేనివి పగిలిపోతాయి, పత్రహరితం బయటపడి పైనీరు పచ్చబడుతుంది. ఆ పచ్చదనాన్ని కొలిస్తే ఎన్ని కణాలు కవచం వదిలాయో లెక్క తేలుతుంది.

ఐబీఎంఎక్స్ ఎందుకు కలిపారన్నది నువ్వు వదిలేయకూడని ప్రశ్న. అది మన కాఫీలోని కెఫీన్‌కు రసాయనపరంగా చుట్టం. సైక్లిక్ ఏఎంపీని విరగ్గొట్టే ఫాస్ఫోడైఎస్టరేజ్ ఎంజైముకు అడ్డుపడుతుంది. కబురు చేరాక చెరిగిపోకపోతే కణం తర్వాతి కబురు వినలేదు. అందుకే తయారుచేసే సైక్లేజ్‌ను చదివినంత శ్రద్ధగా చెరిపేసే ఎంజైమునూ చదవాలి. చాలామంది ఆ సగాన్ని పట్టించుకోరు, అది నాకు బాధగా ఉంటుంది.

ఇక అణువు ఒక్కటే అయినా కాలేయంలో చక్కెరను విడుదల చేయించడం, నాచులో కవచం విప్పించడం ఎలా? బడిగంట ఒకటే మోగినా చిన్నపిల్లలు ఇంటికి పరిగెడతారు, పదో తరగతివాళ్లు స్పెషల్ క్లాసుకు కదులుతారు. అర్థం వినేవాడిలో ఉంటుంది. ఆ కణంలో కబురు అందుకునే ఏ కైనేజ్ ఎంజైము ఉంది, అది ఏ ప్రోటీన్‌ను పట్టుకుంటుంది అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది.

దీని తోబుట్టువు సైక్లిక్ జీఎంపీ కూడా ఈ కణంలో ఉంది. అమ్మోనియం అందుబాటులో ఉంటే క్లామిడోమోనాస్ నైట్రేటు జోలికి పోదు. అప్పుడు నైట్రిక్ ఆక్సైడ్ వల్ల, సైక్లిక్ జీఎంపీని తయారుచేసే ఒక గ్వానైలేట్ సైక్లేజ్ మేల్కొని, నైట్రేట్ రిడక్టేజ్ జన్యువును అణచివేస్తుందని స్పెయిన్‌లోని కోర్డోబా బృందం 2010లో చూపించింది. ఆ సైక్లేజ్ చెడిన మ్యూటెంట్ అమ్మోనియం ఉన్నా ఆ జన్యువును పూర్తిగా అణచుకోలేదు. మన రక్తనాళాలు సడలడానికి పనికొచ్చే నైట్రిక్ ఆక్సైడ్, సైక్లిక్ జీఎంపీల జోడీ ఇదే. వెలుతురు పడితే సైక్లిక్ జీఎంపీ తయారీ తగ్గిపోయే ఎంజైములు కూడా వోల్వాక్స్ అనే నాచులోనూ క్లామిడోమోనాస్‌లోనూ దొరికాయి. వాటి గురించి మరోసారి రాస్తాను.

ముందు ఆ 1987 వ్యాసం లైబ్రరీలో తీసి చదువు. మందు కలపని, జత కలపని పరీక్ష గొట్టంలో ఏం జరిగిందో మొదట చూసి, ఆ తర్వాతే మిగతావి చూడు. ఆ గొట్టం లేకపోతే వాళ్ల మాట ఎందుకు నిలబడదో నీ సొంత మాటల్లో నాకు రాయి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ