బొర్రా గుహల్లో ఒక త్రిభుజం
(అణువుల ఆకారాలు, ధ్రువత: బట్టీ లేకుండా లెక్క వేయడం ఎలా?)

ఫస్టియర్ కెమిస్ట్రీలో అందరూ బట్టీ పట్టే పట్టిక ఒకటి ఉంది. ఒక వైపు అణువు పేరు, ఇంకో వైపు దాని ఆకారం. మిడ్ పరీక్ష ముందు రోజు రాత్రి మా హాస్టల్లో జూనియర్లు దాన్ని ఎక్కాల్లా వల్లె వేస్తూ ఉంటారు. మర్నాడు పేపర్లో ఆ పట్టికలో లేని అయాన్ ఒక్కటి కనిపించిందా, కథ మళ్లీ మొదటికొస్తుంది.

అసలు ఆ పట్టికతో పనే లేదని చెప్పడానికే ఈ వ్యాసం. కూడికలు, తీసివేతలు వస్తే చాలు. ఉదాహరణలు మాత్రం మా వైపు నుంచి తెచ్చాను. మాది అనంతగిరి మండలం. బొర్రా గుహలు, కాఫీ తోటలు, ఎర్రటి గార్నెట్ గింజలు పొదిగిన కొండరాళ్లు మాకు ఇంటి చుట్టుపక్కల సరుకే. ఈ పాఠానికి కావలసిన అణువులన్నీ దాదాపు అక్కడే దొరుకుతాయి.

సిద్ధాంతం ఒక్క మాటలో

మధ్య పరమాణువు చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్ జంటలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, కాబట్టి వీలైనంత దూరంగా సర్దుకుంటాయి. అంతే! 1940లో సిడ్జ్‌విక్, పావెల్ ఈ ఆలోచనకు పునాది వేశారు. 1957లో గిలెస్పీ, నైహోమ్ దాన్ని పూర్తి సిద్ధాంతంగా మలిచారు. పుస్తకాల్లో దీని పేరు 'వేలన్సీ కర్పర ఎలక్ట్రాన్ జంట వికర్షణ సిద్ధాంతం'. మనం క్లాసులో 'వెస్పర్' అంటాం.

నమ్మకం కుదరకపోతే బెలూన్లు తెచ్చుకోండి. రెండింటి మూతులు కలిపి కడితే ఎదురెదురుగా తిరుగుతాయి. మూడు కడితే ఒకే తలంలో త్రిభుజంలా విచ్చుకుంటాయి. నాలుగు కడితే ఒకటి పైకి లేస్తుంది, మిగతా మూడూ ముక్కాలిపీట కాళ్లలా కిందికి చాచుకుంటాయి. ఎలక్ట్రాన్ గుంపులూ ఇలాగే సర్దుకుంటాయి.

లెక్క వేసే పద్ధతి

1. అన్ని పరమాణువుల వేలన్సీ ఎలక్ట్రాన్లు కూడండి. రుణావేశం ఎంత ఉంటే అంత కలపండి, ధనావేశం ఎంత ఉంటే అంత తీసేయండి.

2. ఒక్కో బంధానికి రెండు ఎలక్ట్రాన్లు ఇవ్వండి. తర్వాత అంచు పరమాణువులకు అష్టకం నింపండి (హైడ్రోజన్‌కు రెండే చాలు). ఇంకా మిగిలితే అవి మధ్య పరమాణువు మీద ఒంటరి జంటలు. ఒకవేళ మధ్య పరమాణువుకే 8 తక్కువైతే, అంచు పరమాణువుల ఒంటరి జంటల్ని ద్విబంధాలుగా మార్చండి.

3. మధ్య పరమాణువు చుట్టూ గుంపులు లెక్కపెట్టండి. ఏకబంధమైనా ద్విబంధమైనా త్రిబంధమైనా ఒక్క గుంపే. ఒంటరి జంట కూడా ఒక గుంపే.

4. రెండు గుంపులైతే 180 డిగ్రీలు, మూడైతే 120, నాలుగైతే 109.5. ఆకారానికి పేరు పెట్టేటప్పుడు మాత్రం పరమాణువుల్నే చూడాలి. ఒంటరి జంట చోటు ఆక్రమిస్తుంది గానీ పేరులోకి రాదు.

5. ఇక ధ్రువత. ప్రతి బంధం మీదా రుణవిద్యుదాత్మకత ఎక్కువున్న పరమాణువు వైపు ఒక బాణం గీయండి. బాణాలు ఒకదాన్నొకటి కొట్టేస్తే అధ్రువం, ఏమైనా మిగిలితే ధ్రువం.

ఐదు గుంపులకు త్రిభుజ ద్విపిరమిడ్, ఆరింటికి అష్టముఖీయం వస్తాయి. పరివర్తన లోహాల సంశ్లిష్టాలకు మాత్రం ఈ లెక్క నమ్మదగింది కాదు, అక్కడ వేరే సిద్ధాంతాలు కావాలి.

గాలిలో గీత, నీటిలో వంపు

ముందు కార్బన్ డయాక్సైడ్. కార్బన్‌వి 4, రెండు ఆక్సిజన్లవి 12, మొత్తం 16. రెండు బంధాలకు 4 పోతే మిగిలిన 12 ఆక్సిజన్లకే సరిపోయాయి. కార్బన్‌కు ఇంకా నాలుగే ఉన్నాయి కాబట్టి రెండు వైపులా ద్విబంధాలు వేస్తాం. గుంపులు రెండు. ఆకారం సరళరేఖ. బాణాలు ఎదురెదురుగా ఉన్నాయి, కొట్టేసుకున్నాయి. ద్విధ్రువ భ్రామకం సున్నా.

ఇప్పుడు నీరు. మొత్తం 8. బంధాలకు 4 పోగా మిగిలిన 4 ఆక్సిజన్ మీద రెండు ఒంటరి జంటలయ్యాయి. గుంపులు నాలుగు, కనిపించే పరమాణువులు మూడు, ఆకారం కోణీయం. ఒంటరి జంటలు కాస్త ఎక్కువ చోటు తీసుకుంటాయి కాబట్టి కోణం 109.5 నుంచి 104.5కి తగ్గింది. బాణాలు రెండూ ఒకే పక్కకు మొగ్గాయి. ద్విధ్రువ భ్రామకం 1.85 డీబై.

'మధ్యలో ఒకటి, పక్కన రెండు' అనే లెక్కలో రెండూ ఒకటే కదా, మరి ఆకారం ఎందుకు మారింది? ఒంటరి జంటల వల్ల. పంచదార మిల్లుల్లో చెరకు రసాన్ని శుద్ధి చేయడానికి వాడే సల్ఫర్ డయాక్సైడ్‌ను చూడండి. పేరు కార్బన్ డయాక్సైడ్‌కు అన్నదమ్ముల్లా ఉంది. కానీ ఎలక్ట్రాన్లు 18, రెండు ఎక్కువ. ఆ రెండూ సల్ఫర్ మీద ఒంటరి జంటగా కూర్చుని గీతను వంచేశాయి. కోణం 119 డిగ్రీలు, భ్రామకం 1.63 డీబై.

ఒక జాగ్రత్త. అణువు అధ్రువం అంటే బంధాలు కూడా అధ్రువమని కాదు. కార్బన్ డయాక్సైడ్‌లో కార్బన్ కొంచెం ధనాత్మకంగానే ఉంటుంది. అందుకే అది నైట్రోజన్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా నీటిలో కరుగుతుంది. నీటిలోని ఆక్సిజన్ తన ఒంటరి జంటతో ఆ కార్బన్‌ను పట్టుకోగలదు కూడా. బొర్రా గుహల కథ సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది.

గీత త్రిభుజమయ్యే చోటు

వాన నీరు మట్టిలోకి ఇంకేటప్పుడు వేర్లు, సూక్ష్మజీవులు వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుంటుంది. కొంత కార్బోనిక్ ఆమ్లం అవుతుంది. అప్పటిదాకా రెండు గుంపులున్న కార్బన్‌కు ఇప్పుడు మూడు వచ్చాయి. అంటే గీత కాస్తా త్రిభుజమైంది.

ఆ నీరు దిగే దారిలో సున్నపురాయి ఉంది, అంటే కాల్షియం కార్బొనేట్. కార్బొనేట్ అయాన్ లెక్క వేద్దాం. కార్బన్‌వి 4, మూడు ఆక్సిజన్లవి 18, ఆవేశానికి 2, మొత్తం 24. మూడు బంధాలకు 6, అంచులకు 18, సరిపోయింది. కార్బన్‌కు ఇంకో జంట కావాలి కాబట్టి ఒక ద్విబంధం. ఏ ఆక్సిజన్‌తో? ఫలానా దానితో అని చెప్పలేం. రెజొనెన్స్ వల్ల మూడు బంధాలూ సమానమే. గుంపులు మూడు, ఒంటరి జంట లేదు, ఆకారం సమతల త్రిభుజం, కోణాలు 120. మూడు బాణాలూ కొట్టేసుకున్నాయి. అయాన్ మొత్తం మీద రెండు రుణావేశాలున్నాయి నిజమే, కానీ అవి మూడు మూలలకూ సమానంగా పంచబడి ఉన్నాయి.

ఆమ్లం ఈ రాయిని తాకితే ఒక కార్బొనేట్, ఒక కార్బోనిక్ ఆమ్లం కలిసి రెండు బైకార్బొనేట్లు అవుతాయి. ఇదీ త్రిభుజమే, ఇక్కడా ఎలక్ట్రాన్లు 24. కానీ ఒక మూలన హైడ్రోజన్ చేరింది కాబట్టి సౌష్ఠవం పోయింది, బాణాలు పూర్తిగా కొట్టేసుకోవు. కాల్షియం బైకార్బొనేట్ నీటిలోనే ఉండగలదు. అలా రాయి కరిగి నీటితో వెళ్లిపోతుంది, కొండ లోపల ఖాళీ మిగులుతుంది. గోస్తనీ నది పారే బొర్రా గుహలు ఇలా తొలిచినవే.

అదే నీరు గుహ పైకప్పు నుంచి చుక్కగా వేలాడినప్పుడు కథ వెనక్కి నడుస్తుంది. చుక్కలోని కార్బన్ డయాక్సైడ్ గుహ గాలిలోకి తప్పించుకుంటుంది. ప్రతి రెండు బైకార్బొనేట్ త్రిభుజాల్లో ఒకటి గీతగా మారి గాలిలోకి పోతుంది, ఇంకొకటి త్రిభుజంగానే రాయిలో ఉండిపోతుంది. పైనుంచి దిగే స్టాలక్టైట్లు, కింద నుంచి లేచే స్టాలగ్మైట్లు, జనం శివలింగమని మొక్కే ఆకారం, అన్నీ ఆ ఉండిపోయిన త్రిభుజాలే.

ఆ త్రిభుజాలు రాయిలో ఎలా పేర్చి ఉన్నాయో కూడా కంటితో పట్టుకోవచ్చు. కాల్సైట్ స్ఫటికంలో కార్బొనేట్లన్నీ పేర్చిన విస్తరాకుల్లా సమాంతరంగా ఉంటాయి. అందుకే కాంతికి ఒక దిక్కున ఒక వేగం, ఇంకో దిక్కున ఇంకో వేగం. పారదర్శకమైన కాల్సైట్ ముక్కను అక్షరాల మీద పెడితే ప్రతి అక్షరం రెండుగా కనబడుతుంది. 1669లోనే బార్తొలిన్ ఈ వింతను వర్ణించాడు. కార్బొనేట్ బల్లపరుపుగా ఉండటం వల్ల వచ్చిన గుణమిది.

కొండరాయి, గబ్బిలాలు, కాఫీ

తూర్పు కనుమల్లో విస్తారంగా దొరికే రాయి ఖొండలైట్. కోంధ్ ఆదివాసుల పేరు మీద 1902లో దానికి ఆ పేరు పెట్టారు. అందులోని గార్నెట్‌లో సిలికేట్ అయాన్లు విడివిడిగా ఉంటాయి. లెక్క: 4, 24, ఆవేశానికి 4, మొత్తం 32. గుంపులు నాలుగు, ఒంటరి జంట లేదు, చతుర్ముఖీయం.

గుహల్లో గబ్బిలాల రెట్ట దగ్గర ముక్కు మూసుకునేలా చేసేది అమ్మోనియా. మొత్తం 8, మూడు బంధాలు, ఒక ఒంటరి జంట, ఆకారం పిరమిడ్. కోణం 107 డిగ్రీలు, భ్రామకం 1.47 డీబై. దానికి ఒక ప్రోటాన్ చేరితే అమ్మోనియం. అప్పుడూ 8 ఎలక్ట్రాన్లే, కానీ ఒంటరి జంట కాస్తా బంధమైపోయింది, చతుర్ముఖీయం వచ్చింది. ఆ అమ్మోనియాను బాక్టీరియా చివరికి నైట్రేట్‌గా మారుస్తుంది: 5, 18, 1, మొత్తం 24. కార్బొనేట్‌లాగే సమతల త్రిభుజం.

ఇక 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా కాఫీ. కెఫీన్ లాంటి పెద్ద అణువుకు ఒకే ఆకారం పేరు ఉండదు, ఒక్కో పరమాణువు దగ్గర లెక్క వేసుకోవాలి. ఆక్సిజన్‌తో ద్విబంధమున్న కార్బన్ల దగ్గర మూడు గుంపులు, అక్కడ బల్లపరుపు. మిథైల్ కార్బన్ల దగ్గర నాలుగు, అక్కడ చతుర్ముఖీయం. మొత్తం బాణాలు కొట్టేసుకోవు, కాబట్టి కెఫీన్ ధ్రువ అణువు. 25 డిగ్రీల దగ్గర 100 మిల్లీలీటర్ల నీటిలో సుమారు 2 గ్రాములు కరిగితే, మరిగే నీటిలో 60 గ్రాములకు పైగా కరుగుతుంది. ఫిల్టర్‌లో మరిగిన నీళ్లు ఎందుకు పోస్తారో తెలిసింది కదా!

ఈ లెక్క ఎక్కడ పనికొస్తుంది?

గుహల్లో 'రాళ్లను తాకవద్దు' అంటే చాలామంది నవ్వేసి చెయ్యి పెడతారు. మన చర్మం మీది నూనెలో పొడవాటి అధ్రువ గొలుసులుంటాయి. అవి రాయికి అంటుకుంటే ధ్రువమైన నీరు అక్కడ సరిగా పరుచుకోదు, కొత్త కాల్సైట్ పేరుకోవడం దెబ్బతింటుంది. మన ఊపిరి సంగతీ అంతే. వదిలే గాలిలో దాదాపు 4 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. గాలి ఆడని చోట అది పెరిగితే చర్య వెనక్కి, అంటే రాయి కరిగే వైపు మొగ్గుతుంది. ఫ్రాన్స్‌లోని లాస్కో గుహను 1963లో సందర్శకులకు మూసేయడానికి జనం ఊపిరి ఒక ముఖ్య కారణం.

కాల్సైట్ కోసం తవ్వకాలూ జరిగాయి. బొర్రా చుట్టుపక్కల గ్రామాల్లో ఇచ్చిన లీజుల మీద 'సమత' సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రభుత్వ భూమినైనా సరే గిరిజనేతరులకు మైనింగ్ లీజుకు ఇవ్వడం చెల్లదని 1997 జులైలో తీర్పు వచ్చింది. పరీక్షలో రెండు మార్కుల త్రిభుజం మా మండలంలో పొలం, ఇల్లు, అడవి కింద ఉన్న రాయి. అందుకే దాన్ని పట్టికలో ఒక గడిగా చదివి వదిలేయడం నాకు నచ్చదు.

మీ వంతు

ఆకారం, ధ్రువత చెప్పండి: (అ) నైట్రైట్ అయాన్ (ఆ) హైడ్రోనియం అయాన్ (ఇ) సల్ఫైట్ అయాన్ (ఈ) కాఫీ నుంచి కెఫీన్ తీసేయడానికి వాడే డైక్లోరోమీథేన్ (ఉ) కార్బన్ టెట్రాక్లోరైడ్.

జవాబులు: (అ) 18 ఎలక్ట్రాన్లు, నైట్రోజన్ మీద ఒక ఒంటరి జంట, కోణీయం, బాణాలు కొట్టేసుకోవు. (ఆ) 8, ఒక ఒంటరి జంట, పిరమిడ్, కొట్టేసుకోవు. (ఇ) 26. కార్బొనేట్ కంటే రెండు ఎక్కువ, అవి సల్ఫర్ మీద ఒంటరి జంట, కాబట్టి త్రిభుజం కాదు, పిరమిడ్. ఇక్కడా కొట్టేసుకోవు. (ఈ) 20, చతుర్ముఖీయం. కానీ నాలుగు మూలలూ ఒకటి కావు కాబట్టి ధ్రువం, 1.60 డీబై. (ఉ) 32, చతుర్ముఖీయం, నాలుగు బాణాలూ సమానం, అధ్రువం.

(ఇ)కి 'మూడు ఆక్సిజన్లున్నాయి కాబట్టి త్రిభుజం' అని రాసినవాళ్లు రెండో మెట్టు దగ్గరికి వెళ్లి మళ్లీ కూడండి.