తెర ఒకటా, రెండా?

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో కొత్తగా బోటు కట్టించే కుర్రాళ్లు ఇప్పుడు ఇంజను కన్నా తెర గురించే ఎక్కువ అడుగుతున్నారు. దారి చూపే జీపీఎస్, నీటి అడుగు చూపే ఎకో సౌండర్ ఒకే పెట్టెలో ఉండే కాంబో కొనాలా, రెండూ విడివిడిగా కొనాలా అని. ముందు డ్రైవరుగా, తర్వాత ఓనరుగా బతికినవాణ్ణి. నాకు తెలిసింది చెబుతాను, బేరం నువ్వు చేసుకో.

1. బోటు కొలత చూశాకే తెర సంగతి మాట్లాడాలి.

కేబిన్ లేని ఫైబర్ బోటులో మహా అయితే ఒక 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. కెరటం తుంపర నేరుగా మీద పడుతుంది. అక్కడ రెండు పెట్టెలు బిగిస్తే ఉప్పు తినడానికి రెండింతల తీగలు, రెండింతల ఫ్యూజులు. తెల్లవారుజామున వెళ్లి ఆ పూటే తిరిగొచ్చేవాడికి కాంబోయే మేలు. ఒడ్డు చేరగానే ఊడదీసి ఇంటికి పట్టుకుపోవచ్చు కూడా. కేబిన్ కట్టి, రోజుల తరబడి సముద్రంలో ఉండే మరబోటుకైతే విడివిడిగానే కొనమంటాను.

2. సగం తెర సగం సంగతే చెబుతుంది.

ఏడంగుళాల కాంబోలో ఒకవైపు మ్యాపు, ఒకవైపు నీటి అడుగు పెట్టుకుంటే రెండూ ఇరుకే. లోతుకు 50 కిలోహెర్ట్జ్, తక్కువ నీటిలో వివరంగా చూడటానికి 200 కిలోహెర్ట్జ్ వాడతాం. నేలను అంటుకుని తిరిగే చేప ఆ అడుగు గీత మీద సన్నటి మచ్చలా పడుతుంది. నేల గట్టిదైతే గీత మందంగా వచ్చి, దాని కింద రెండో గీత కూడా తేలుతుంది. బురదయితే పలచన. వల దించాలా వద్దా అన్నది ఆ తేడాను బట్టే ఉంటుంది. పోనీ సౌండరునే తెర నిండా పెట్టుకుంటే మ్యాపు మాయమవుతుంది. నీటి మీద సరిహద్దు గీత గీసి ఉండదు కదా. గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకెళ్లిన మన ఉత్తరాంధ్ర వాళ్లు 2018 చివర్లో పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో గానీ వాఘా దాటి రాలేదు. గుజరాత్ వైపు పనికి పోయేవాడి కళ్లముందు నుంచి మ్యాపు ఒక్క క్షణం కూడా తప్పుకోకూడదు.

అయితే కాంబోకు ఒక సుఖం ఉంది, దాన్ని నేను చాలాకాలం ఒప్పుకోలేదు. చేపల గుంపు కనబడి, కళాసీని కేకేసి, వేరే పెట్టెలో బటన్ నొక్కేలోగా బోటు ముందుకు జరిగిపోతుంది. మూడు నాట్ల వేగంలో నిమిషానికి తొంభై మీటర్ల పైమాటే. కాంబోలో జరిగిపోయిన బొమ్మ మీదికే బాణం గుర్తు తీసుకెళ్లి, ఆ చోటును దాచుకోవచ్చు. విడి పెట్టెలకు ఆ సుఖం కావాలంటే రెండింటినీ సమాచారం పంచుకునే ఎన్ఎంఇఏ తీగతో కలపాలి. అమ్మేవాడు అన్నిసార్లూ ఈ మాట చెప్పడు, నువ్వే అడుగు.

3. ఒకే తీగ మీద బతికేవి ఒకేసారి చస్తాయి.

ఇంజను స్టార్టు చేసినప్పుడు స్టార్టరు మోటారు బ్యాటరీని ఒక్కసారిగా లాగేస్తుంది. వోల్టేజి పడిపోయి తెర ఆరిపోతుంది. వెలిగినా మళ్లీ ఉపగ్రహాలు దొరికేదాకా ఆగాలి. అందుకే తెరలకు విడి బ్యాటరీ, విడి ఫ్యూజు ఉండాలి. అది ఒక్కటే చాలదు. ఒక వర్షాకాలం నీరు దిగి నా కాంబో మళ్లీ వెలగలేదు. ఒడ్డుకు రావడం కష్టం కాలేదు. దిక్సూచి ఉంది, రాత్రయితే డాల్ఫిన్స్ నోస్ కొండ మీద దీపస్తంభం ఉంది. పోయినవి పాయింట్లు. ఎక్కడ రాయి, ఎక్కడ మునిగిన బోటు, ఎక్కడ వల చిరుగుతుంది అన్న ఎరుకంతా ఆ పెట్టెలోనే ఉంచి, పుస్తకంలో ఎక్కించలేదు. కొన్ని చోట్లను మళ్లీ వలలు చింపుకునే నేర్చుకోవాల్సి వచ్చింది.

వీహెచ్‌ఎఫ్ రేడియో విషయంలోనూ ఇదే చూసుకో. ఆపద బటన్ నొక్కితే కొన్ని సెట్లు బయటి జీపీఎస్ నుంచి తీగలో వచ్చే స్థానాన్నే పంపుతాయి. ఆ జీపీఎస్ చచ్చిపోతే ఆపద కబురు వెళుతుంది గానీ నువ్వెక్కడున్నావో వెళ్లదు. లోపలే జీపీఎస్ ఉన్న సెట్టు తీసుకో. 16వ ఛానల్ మీద నోటితో చోటు చెప్పడం కళాసీలందరికీ నేర్పు. కాంబో కొన్నా సరే, సెల్సుతో నడిచే చిన్న చేతి జీపీఎస్ ఒకటి దగ్గర ఉంచుకో.

4. అంకె ఒకటే అయినా చోటు వేరు కావచ్చు.

హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ చేపలు దొరికే చోట్లను అక్షాంశ రేఖాంశాలతో పంపుతుంది. తోటి డ్రైవర్లూ పాయింట్లు చెబుతుంటారు. ఒక పెట్టె 17 డిగ్రీల 41.50 నిమిషాలని చూపుతుంది, ఇంకొకటి 17 డిగ్రీల 41 నిమిషాల 50 సెకండ్లని. చదివేటప్పుడు రెండూ ఒకటిలాగే ఉంటాయి, సముద్రంలో మాత్రం ఆరువందల మీటర్లకు పైగా తేడా. అక్షాంశంలో ఒక నిమిషమంటే 1,852 మీటర్లు మరి. విడి పెట్టెలు కొన్నవాడు అన్నింటినీ ఒకే పద్ధతిలో పెట్టుకోవాలి. లోతు బారల్లోనా మీటర్లలోనా అన్నదీ అంతే.

5. డబ్బంతా తెరకే పోయకు.

సౌండరుకు ప్రాణం బోటు అడుగున ఉండే ట్రాన్స్‌డ్యూసర్. పంకా దగ్గరో, నురగ పట్టే చోటో బిగిస్తే ఎంత ఖరీదైన తెరయినా గీతలు, చుక్కలే చూపుతుంది. దాని మీద గవ్వలు పట్టినా అంతే. కాంబో మార్చినప్పుడు కొత్త పెట్టెకు పాత ట్రాన్స్‌డ్యూసర్ ప్లగ్గు సరిపోకపోవచ్చు, అప్పుడు బోటు అడుగుకు మళ్లీ బెజ్జం. విడి సౌండరైతే జీపీఎస్ ఎన్నిసార్లు మార్చినా దాని జోలికి పోనక్కర్లేదు. మరబోటుకు విడివి కొనమనడానికి ఇదీ ఒక కారణం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో వేట నిషేధం ఎలాగూ ఉంటుంది. ఈసారి బోటు ఒడ్డెక్కినప్పుడు, దుకాణానికి వెళ్లే ముందు ఒకసారి దాని కిందికి వంగి చూడు నాయనా.