తెర స్తంభించినప్పుడు తప్పెవ్వరిది?

విద్యార్థులారా! అవ్వకో తాతకో తాలూకా కచేరిలో పనిబడినప్పుడు మీలో పలువురు వెంట బోయి దుబాసి పని చేసియుందురు. అవ్వ తెలుగున చెప్పును. మీరు దానిని తమిళమునకో కన్నడమునకో మార్చి గుమాస్తాగారికి వినిపింతురు. వారి బదులును మరల తెలుగున అవ్వకు చెప్పుదురు. నడుమ అవ్వకు కన్నులు తిరిగి, మాట రాక బల్లమీద కూలబడినదనుకొనుడు. గుమాస్తాగారు ఎవరివంక చూతురు? మీవంకనే. "బదులు చెప్పవేమి?" యని మిమ్మునే గద్దింతురు. ఏలయన వారికి వినబడునది మీ కంఠమే గాని అవ్వ కంఠము కాదు.

కంప్యూటరులో గ్రాఫిక్సు డ్రైవరు స్థితి అచ్చముగా నిట్టిదే. డ్రైవరనగా నిచట బండి తోలువాడు కాడు, దుబాసి. తెరమీద బొమ్మలను గీయు గ్రాఫిక్సు కార్డునకు దాని భాష దానికున్నది. ఎన్‌వీడియావారి కార్డు భాష వేరు, ఏ.ఎం.డి.వారిది వేరు, ఇంటెల్‌వారిది వేరు. విండోసునకు ఈ భాషలు రావు. అది తన యాజ్ఞలను డ్రైవరను ప్రోగ్రామునకు చెప్పును. డ్రైవరు వానిని కార్డు భాషలోనికి మార్చి యందించును. ఇంటిలో విడిభాగములు తెచ్చి కూర్చుకొనిన కంప్యూటరులో ఆట యాడుచుండగనో, చలనచిత్రము చూచుచుండగనో తెర స్తంభించి, పిదప "డిస్‌ప్లే డ్రైవరు బదులు చెప్పుట మానినది, మరల కోలుకొన్నది" అను భావముగల యాంగ్ల వాక్యము కనబడినచో, పెక్కుమంది ఆ దుబాసినే దోషిగా నెంచుచున్నారు. కొందరు కార్డునే పారవేసి క్రొత్తది కొనుచున్నారు. ఆ వాక్యమును సరిగా చదువుట యెట్లో తెలుపుటకే యీ పాఠము.

2007లో విండోసు విస్టా జనులలోనికి వచ్చినది మొదలు ఈ యేర్పాటు కలదు. కార్డునకు అప్పగించిన పని రెండు సెకనులలోపల కదలనిచో విండోసు దానిని మూర్ఛిల్లినదిగా నెంచును. కార్డును మొదటి స్థితికి తెచ్చి, డ్రైవరును మరల నెక్కించును. అప్పుడే తెర ఒక్క క్షణము నల్లబడి తిరిగి వెలుగును. ఒక్క నిమిషములో నిట్లు అయిదుమారులు జరిగిన పిదప మరల జరిగినయెడల, ఇక లాభము లేదని యంత్రమే తనంత తాను నిలిచిపోయి నీలితెర చూపును. ఈవెంట్ వ్యూయర్ అను దినచర్య పుస్తకములో 4101 అను సంఖ్యతో ఒక నమోదు చేరును. ఎన్‌వీడియావారి కార్డయినచో అందు డ్రైవరు పేరు ఎన్.వి.ఎల్.డి.డి.ఎం.కె.ఎం. అని యుండును. పిల్లలు దానిని చూచి యేదో వైరసు పేరని భయపడుట నేనెరుగుదును. ఆ నమోదు చెప్పునది ఒక్కటే: బదులు రాలేదని. ఎందుకు రాలేదో అది చెప్పదు, చెప్పజాలదు.

మా హోసూరు ప్రాంతమున జరిగినదొకటి చెప్పెదను. మన పాఠశాలలో పదవ తరగతి చదువు బాలుని యన్న పాలిటెక్నిక్ విద్యార్థి. అతడు 2023 జూన్ నెలలో బెంగుళూరు ఎస్.పి. రోడ్డునుండి భాగములు తెచ్చి ఇంటిలోనే కంప్యూటరు కూర్చెను. డిసెంబరు మొదటి వారమునుండి అది స్తంభించసాగెను. విజ్ఞాన ప్రదర్శనకై బాలుడు బొమ్మలు గీయుచుండగా సగటున దినమునకొకమారు తెర బిగుసుకొని పోవుచుండెను. బాగుచేయువారొకరు చూచి, కార్డు పోయినది, క్రొత్తదానికి పదునెనిమిది వేలగునని చెప్పిరి. తండ్రి గులాబితోటలో పని చేయువాడు. ఇంటిలో నున్న పైకము కూతురి కళాశాల రుసుమునకై దాచినది. ఆయన నాయొద్దకు వచ్చి, "అయ్యవారూ, రుసుము కట్టమందురా, కార్డు కొనమందురా?" అని యడిగెను. నాకు వెంటనే బదులు తోచలేదు. పది దినములు గడువిమ్మని మాత్రము కోరితిని. ఆ గడువు చాలదని తరువాత తెలిసినది.

మొదట ఒక నోటుపుస్తకము తెరిపించితిని. తేదీ, వేళ, అప్పుడు నడచుచున్న పని, ఎట్లు ఆగినది — ఇవి గళ్లు. ఎట్లు ఆగినదన్నది ముఖ్యము. తెర బిగిసినను పాట వినబడుచున్నదా? క్యాప్స్‌లాక్ మీట నొక్కిన దాని దీపము వెలిగి యారుచున్నదా? వెలుగుచున్నచో యంత్రము బ్రదికియున్నది, బొమ్మ మాత్రమే ఆగినది. విండోసు, కంట్రోలు, షిఫ్టు, బి అను నాలుగు మీటలు ఒక్కమారు నొక్కిన డ్రైవరు మరల మొదలగును. ఒక్కొక్కప్పుడు తెర తిరిగి వచ్చును కూడ. దీపమును కదలనిచో సామాన్యముగా యంత్రమంతయు స్తంభించినదని యెంచవలెను. మా బాలుని పుస్తకములో రెండు విధములును కలిసియుండెను. కార్డొక్కటే చెడినచో రెండవ విధము అన్నిమారులు రావలసిన పనిలేదుగదా యని నాకప్పుడే యనుమానము కలిగెను.

రెండవ నియమము, ఒకమారు ఒక్కటే మార్చవలెను. మార్చిన పిదప తగినంత కాలము వేచియుండవలెను. "నిన్న డ్రైవరు మార్చితిని, నేడు ఆగలేదు, కుదిరినది" అని సంతోషించుట తొందరపాటు. లెక్క చూడుడు: సగటున దినమునకొకమారు, ఏ వేళయని నియమము లేక వచ్చు జబ్బు, మందేమియు లేకున్నను ఒక దినము రాకుండుటకు నూటికి 37 పాళ్లు అవకాశము కలదు. వరుసగా మూడు దినములు రాకుండుటకు మాత్రము నూటికి 5 పాళ్లే. కనుక దినమునకొకమారు వచ్చు చిక్కునకు మూడు నాలుగు దినములైన వేచిచూడక తీర్పు చెప్పరాదు. వారమునకొకమారు వచ్చునదానికి మూడు వారములు. పిల్లలకు ఈ యోపికయే కష్టము, పెద్దలకు నంతే.

దుబాసిని ముందు పరీక్షించితిమి. డ్రైవరును మామూలు పద్ధతిని తొలగించిన పాత తునుకలు కొన్ని మిగిలిపోవుట కలదు. అందుచేత సేఫ్ మోడ్‌లోనికి పోయి, డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అను సాధనముతో పూర్తిగా తుడిచి, పిదప తయారీదారుల స్థలమునుండి తెచ్చిన డ్రైవరును ఎక్కించితిమి. తుడుచునప్పుడు ఇంటర్నెట్ తీగ తీసివేయవలెను. లేనిచో విండోసు అప్‌డేట్ తనకు తోచిన డ్రైవరును మనకు తెలియకుండ తెచ్చిపెట్టును. రెండవ దినముననే తెర స్తంభించెను. ఆరు నెలల నాటి పాత డ్రైవరును ఎక్కించితిమి. అదియు స్తంభించెను. రెండు తరముల దుబాసులును ఒకే చోట మూగబోయినప్పుడు తప్పు దుబాసులది కాదేమో యని తలచవలసియున్నది.

తరువాత కార్డును తీసి స్నేహితుని యింటి కంప్యూటరులో అయిదు సాయంకాలములు నడిపితిమి. ఒక్కమారైన ఆగలేదు. దీనితో కార్డు నిర్దోషియని పూర్తిగా తేలలేదు. ఆ యింటి ఎస్.ఎం.పి.ఎస్. వేరు, మదర్‌బోర్డు వేరు. అయినను పదునెనిమిది వేలు వెచ్చించుటకు కారణము మాత్రము లేకపోయెను.

"చిక్కు మొదలగుటకు ముందు యంత్రములో నేమి మారినది?" అని యన్నదమ్ముల నిరువురను అడిగితిని. ఏమియు మారలేదనిరి. కాఫీ తెచ్చిన తల్లి, "దీపావళికి నాయన బోనసుతో ఏదో కమ్మి కొని తెచ్చి అందులో దూర్చితిరి గదరా?" అనెను. అదియే ర్యామ్. మొదట నున్న ఎనిమిది జి.బి. కమ్మికి తోడుగా వేరొక కంపెనీవారి ఎనిమిది జి.బి. కమ్మిని నవంబరులో చేర్చిరి. చేర్చిన మరుదినము చిక్కు రాలేదు గనుక వారు దానిని మరచిపోయిరి. నవంబరులో పాఠములు చదువుట వంటి తేలిక పనులే జరిగినవి. బొమ్మలు గీయు భారమైన పని డిసెంబరులోగాని మొదలు కాలేదు.

ఆ రాత్రి మెమ్‌టెస్ట్86 అను పరీక్షను పెన్‌డ్రైవునుండి నడిపించి నిద్రపోయిరి. తెల్లవారి చూడ తెరనిండ తప్పులు ఎర్రగీతలుగా నిలిచియుండెను. కమ్ములను విడివిడిగా పరీక్షించిన ఒక్కదానియందును తప్పు లేదు. రెండును కలిపినచో తప్పులు! బయాస్‌లో ఎక్స్.ఎం.పి. అను ఏర్పాటు వలన అవి 3200 వేగమున నడచుచున్నవి. ఒకే జతగా అమ్మిన కమ్ములను ఆ వేగమునకు కలిపి పరీక్షించియుందురు. వేరువేరు చోట్ల కొనిన రెంటికి అట్టి హామీ లేదు. వేగమును 2666కు తగ్గించితిమి. ఆ రాత్రి ఒక్క తప్పును లేదు. తరువాత నెల దినములు చూచితిమి, తెర స్తంభించలేదు.

ర్యామ్‌లో తప్పయినచో నింద డ్రైవరుమీద నేల పడవలె నందురా? డ్రైవరు కార్డునకు పంపవలసిన ఆజ్ఞలను ముందుగా ర్యామ్‌లోనే వ్రాసిపెట్టును. అందు సున్న ఒకటైనను, ఒకటి సున్న యైనను, ఆజ్ఞ అర్థము లేనిదగును. కార్డు దానిని నెరవేర్చబోయి చిక్కుకొనును. రెండు సెకనులు గడచును. విండోసు దుబాసిని గద్దించును. కొన్ని వేళల తప్పు విండోసు సొంత పుటలోనే పడును. అప్పుడు యంత్రమంతయు బిగియును. నోటుపుస్తకములో రెండు విధములును కనబడుటకు కారణమిదియే.

అందరి యిండ్ల రోగమును ఇదే యని తలపరాదు. ఆట యాడుచుండగా తెర నల్లబడుటయేగాక యంత్రమే ఆరి తిరిగి వెలిగినచో, ముందు కరెంటు భాగమును అనుమానింపవలెను. ఈవెంట్ వ్యూయర్‌లో 41 అను సంఖ్య యుండును. అదియు హఠాత్తుగా ఆగినదనుటయేగాని కారణము చెప్పదు. మదర్‌బోర్డు గాడి కార్డునకు 75 వాట్లవరకే ఇయ్యగలదు. ఎనిమిది సూదుల తీగ ఒక్కొక్కటి 150 వాట్లకు నిర్ణయింపబడినది. కార్డునకు అట్టి రెండు మూతులున్నచో ఒకే తీగకు తగిలించిన రెండు కొసలను గుచ్చక, ఎస్.ఎం.పి.ఎస్. నుండి రెండు వేరు తీగలను తెచ్చి గుచ్చుట మేలు. కార్డు క్షణకాలము తన సగటుకంటె మిక్కిలి యెక్కువ కరెంటు లాగును, చౌక ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెమీద నెన్ని వాట్లని వ్రాసియున్నను ఆ క్షణమున చేతులెత్తును.

వేడి మాట కొంచెమే. నేటి కార్డులు వేడెక్కినప్పుడు ముందు తమ వేగమును తామే తగ్గించుకొనును. దుమ్ము దులుపుడు, పంకాలు తిరుగుచున్నవో లేదో చూడుడు, చాలును.

డ్రైవరే దోషియైన సందర్భములును లేకపోలేదు. క్రొత్త డ్రైవరు ఎక్కిన దినమే చిక్కు మొదలై, పాతదానితో పోయినచో సంశయమేల? పాతదానితోనే కొన్నాళ్లు గడుపుడు. పెన్‌డ్రైవునుండి లినక్సును నడిపి చూచుట మరియొక మంచి పరీక్ష. అక్కడ దుబాసి వేరు. అచటను స్తంభించినచో విండోసు డ్రైవరుమీద నేరము నిలువదు. ప్రాసెసరులోనే తెర నడుపు భాగమున్నచో కార్డును తీసి, తెర తీగను మదర్‌బోర్డునకు గుచ్చి కొన్నాళ్లు నడుపవచ్చును. ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర ఎఫ్ అను అక్షరమున్నచో ఆ భాగము పని చేయదు. ఇక "మీ డ్రైవరులన్నిటిని ఉచితముగా బాగుచేసెదము" అని పిలుచు ప్రోగ్రాములను ఇంటిలోనికి రానీయకుడు.

తలిదండ్రులకొక మనవి. క్యాబినెట్ తెరచుటకు ముందు గోడనుండి తీగ లాగివేయించుడు. పిల్లలు భాగములను తాకుటకు ముందు క్యాబినెట్ లోహమును తాకుట అలవాటు చేయుడు. ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెను మాత్రము ఎవ్వరును విప్పరాదు. తీగ లాగిన పిదపను దానిలో ప్రాణాపాయమైన విద్యుత్తు నిలిచియుండగలదు. భాగములు కొనిన రసీదులను బియ్యపు డబ్బాలోనో, రేషను కార్డుతోనో భద్రపరచుడు. అన్ని పరీక్షలు చేసిన పిదప కార్డే చెడినదని తేలినచో, గ్యారంటీ కాలములో దానిని మార్పించుకొనుటకు ఆ కాగితమే ఆధారము. పరీక్షల తేదీలు వ్రాసిన పుస్తకమును తోడు తీసికొని పోయినచో అంగడివారితో వాదన తగ్గును.

ఆ యింటివారు కార్డు కొనలేదు. కూతురి రుసుము గడువులోనే కట్టిరి. బాలుని నోటుపుస్తకము ఇప్పుడు మన ప్రయోగశాల బీరువాలో రెండవ అరలో నున్నది. చూడగోరువారు మధ్యాహ్న విరామమున వచ్చి అడుగవచ్చును.