బంగారం అసలుదే, మరి నాణెం?

బీఎస్సీ జియాలజీ పూర్తి చేసిన విద్యార్థికి గనుల గురించి, చమురు గురించి, భూగర్భ జలాల గురించి చెప్పేవాళ్లు చాలామందే ఉంటారు. ఎంఏ హిస్టరీ చదివినవాళ్లకైతే గ్రూప్స్ కోచింగ్, లేదంటే బీఈడీ. ఈ ఇద్దరూ ఒకే బల్ల ముందు కూర్చుని చేయదగ్గ ఉద్యోగం ఒకటుందన్న మాట మన కాలేజీల్లో వినపడదు. అరుదైన బంగారు నాణెం అసలుదో నకిలీదో తేల్చే పని అది. మ్యూజియాలకు, వేలం సంస్థలకు, పురావస్తు శాఖలకు, పాత నాణేలు సేకరించేవాళ్లకు ఈ తీర్పు కావాలి. ధైర్యంగా, కారణాలతో ఇవ్వగలిగినవాళ్లు తక్కువ.

పని తీరు తెలియాలంటే స్పాన్సియానస్ నాణెం సంగతి వినాలి. 1713లో ట్రాన్సిల్వేనియాలో, అంటే ఇప్పటి రుమేనియాలో, కొన్ని బంగారు నాణేలు బయటపడ్డాయి. వాటిలో కొన్నిటి మీద స్పాన్సియానస్ అనే చక్రవర్తి పేరుంది. రోమన్ చరిత్ర గ్రంథాల్లో ఎక్కడా ఆ పేరు లేదు. నాణెం తయారైన తీరూ అనుమానంగానే ఉంది. రోమన్ టంకశాలలు బంగారు బిళ్లను రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టి ముద్ర వేసేవి. ఇది మూసలో పోత పోసిన నాణెం. బొరుసు మీది బొమ్మేమో అంతకు దాదాపు నాలుగు వందల ఏళ్ల ముందటి వెండి నాణెం నుంచి ఎత్తింది. ఇన్ని లోపాలు చూశాక 19వ శతాబ్దపు నిపుణులు దాన్ని నకిలీగా కొట్టిపారేశారు. గ్లాస్గో విశ్వవిద్యాలయంలోని హంటేరియన్ మ్యూజియానికి చేరిన నాణెం కూడా ఆ ముద్రతోనే ఉండిపోయింది.

2022 నవంబరులో పాల్ పియర్సన్ అనే శాస్త్రవేత్త తన బృందంతో కలిసి ఆ తీర్పును ప్రశ్నించారు. ఆయన చదువు భూశాస్త్రం. నాణేన్ని శక్తిమంతమైన మైక్రోస్కోపుల కింద పెట్టి, నిస్సందేహంగా అసలువైన రోమన్ బంగారు నాణేలతో పోల్చి చూశారు. చేతులు మారుతూ, సంచుల్లో ఒకదానికొకటి రాసుకుంటూ తిరిగిన నాణేల మీద పడే గీతలు కనిపించాయి. ఆ గీతల మీద మట్టి ఖనిజాలు సిలికాతో గట్టిగా అతుక్కుని ఉన్నాయి. అంటే కొంతకాలం చలామణీలో ఉండి, ఆ తర్వాత చాలాకాలం భూమిలో ఉండి, మళ్లీ బయటికొచ్చిందని వారి వాదన. క్రీస్తుశకం 260ల ప్రాంతంలో రోమ్‌తో సంబంధాలు తెగిన డేసియాలో, అంటే ఆ నాణేలు దొరికిన ప్రాంతంలోని నాటి రోమన్ రాష్ట్రంలో, ఒక సేనాధిపతి, అక్కడి గనుల బంగారంతో తన పేర నాణేలు పోయించి ఉంటాడని వారు ఊహించారు.

నాణేల పండితుల్లో చాలామంది దీన్ని ఒప్పుకోలేదు. వాళ్ల అనుమానానికి ఆధారం లేకపోలేదు. 1772లో పుట్టిన జర్మన్ కార్ల్ విల్‌హెల్మ్ బెకర్ ప్రాచీన నాణేలకు స్వయంగా అచ్చులు చెక్కి నకిలీలు కొట్టేవాడు. కొత్త మెరుపు పోవడానికి వాటిని ఇనుప రజను ఉన్న పెట్టెలో వేసి, బండికి తగిలించి దారుల వెంట తిప్పేవాడు. అరుగుదలను కూడా తయారు చేయవచ్చన్నమాట. అయితే మట్టి ఖనిజాలు గట్టిపడి అతుక్కున్న తీరును కూడా అలా తయారు చేయగలరా? స్పాన్సియానస్ చర్చ ఆ ప్రశ్న దగ్గరే నడుస్తోంది. నాకు ఈ కేసు ఎంతో విలువైనదిగా కనిపిస్తుంది. చరిత్ర, లోహశాస్త్రం, భూశాస్త్రం, లిపి పరిజ్ఞానం, వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా తీర్పు చెప్పలేదని ఇంత స్పష్టంగా చూపే ఉదాహరణ మరొకటి దొరకడం కష్టం.

ఇక మన ఇళ్లకు దగ్గరగా ఉన్న నాణెం సంగతి. కాసు అంటే ఎనిమిది గ్రాములని మనం లెక్కపెట్టే బంగారం, బ్రిటిష్ సావరిన్‌ తూకానికి సరిపోయేదే. సావరిన్ కచ్చితమైన బరువు 7.988 గ్రాములు, వ్యాసం 22.05 మిల్లీమీటర్లు, బంగారం 22 క్యారెట్లు. 1918లో ఒక్క ఏడాది బొంబాయిలోనూ వీటిని ముద్రించారు. బొరుసు వైపు సంవత్సరానికి పైన ‘ఐ’ అనే చిన్న ఇంగ్లిష్ అక్షరం ఉంటే అది బొంబాయి నాణెం.

కంసాలి గీటురాయి మీద గీసి బంగారం మంచిదే అంటే సావరిన్ అసలుదే అనుకునేవాళ్లు ఎక్కువ. ఇక్కడే చాలామంది మోసపోతారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సావరిన్‌కు లోహం విలువ కంటే ఎక్కువ ధర పలికింది. దాంతో ఐరోపాలోనూ, పశ్చిమాసియాలోనూ నకిలీలు వెల్లువెత్తాయి. వాటిలో చాలావాటిలో మంచి బంగారమే ఉంది. ఆ పోటీని తట్టుకోవడానికి కూడా బ్రిటన్ రాయల్ మింట్ 1957లో సావరిన్ల ముద్రణను మళ్లీ మొదలుపెట్టింది. అలాంటి నకిలీని పట్టుకోవాలంటే అక్షరాల అంచులు మొద్దుబారాయా, నున్నటి భాగంలో బుడిపెలున్నాయా, అంచు గాట్లు సమానంగా ఉన్నాయా, ఒకే చోట ఒకే మచ్చ ఉన్న నాణేలు ఎన్ని దొరికాయి అని చూడాలి. చివరిది ముఖ్యం. ఒకే లోపం పలు నాణేల మీద పదేపదే కనిపిస్తే, అవన్నీ ఒకే నకిలీ అచ్చు నుంచి వచ్చి ఉంటాయన్న అనుమానం బలపడుతుంది.

పరికరాల గురించీ భ్రమలు వద్దు. సావరిన్‌ను గాలిలో ఒకసారి, నీటిలో ముంచి ఒకసారి తూస్తే సుమారు 0.45 గ్రాముల తేడా రావాలి. ఇది ఇంటర్ ఫిజిక్స్‌లో చదువుకున్న ఆర్కిమిడీస్ సూత్రమే. కానీ మేలిమి బంగారం సాంద్రత 19.3 అయితే టంగ్‌స్టన్‌ది 19.25. కాబట్టి మేలిమి బంగారు నాణెం అని చెప్పేదాని లోపల టంగ్‌స్టన్ పెట్టి పైన దళసరిగా బంగారం తొడిగితే తక్కెడ కనిపెట్టలేదు. ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం నాణేనికి హాని చేయకుండా లోహాల శాతం చెబుతుంది, అయితే అది చదివేది పైపొరను మాత్రమే. లోపలిది తెలియాలంటే అల్ట్రాసౌండ్, విద్యుత్ వాహకత పరీక్షలు తోడు కావాలి. కరిగించి చూసే ఫైర్ అస్సే అన్నిటికంటే నమ్మకమైనదే కానీ, అరుదైన నాణేన్ని ఎవరు కరిగిస్తారు?

ఈ రంగంలోకి ఏ డిగ్రీ నుంచైనా రావచ్చు. చరిత్ర వైపు నుంచి వచ్చేవాళ్లకు ఉస్మానియా, తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో ప్రాచీన చరిత్ర, పురావస్తు శాస్త్ర విభాగాలున్నాయి. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ గ్రేటర్ నోయిడాలో రెండేళ్ల పీజీ డిప్లొమా నడుపుతోంది. నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో పురావస్తువుల సంరక్షణ చదవవచ్చు. సైన్సు విద్యార్థులకు అది బాగా కలిసొస్తుంది. నాసిక్ దగ్గర అంజనేరిలో నాణేల పరిశోధనకే ప్రత్యేకించిన సంస్థ ఉంది. పీజీ చేస్తున్నవాళ్లు న్యూయార్క్‌లోని అమెరికన్ న్యూమిస్‌మాటిక్ సొసైటీ వేసవి సెమినార్‌కు ప్రయత్నించవచ్చు.

లిపులు మాత్రం ఎవరికీ తప్పవు. కృష్ణదేవరాయల వరహా సుమారు 3.4 గ్రాములు తూగుతుంది. ఆ చిన్న బిళ్ల మీద ఉన్న నాగరి అక్షరాలు చదవలేనివాళ్లు అక్షరదోషం ఉన్న నకిలీని ఎలా పట్టుకుంటారు? చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం అష్రఫీకి పర్షియన్ లిపి కావాలి. తెలుగు విద్యార్థికి నా సలహా, నాగరితో పాటు పాత తెలుగు-కన్నడ లిపి నేర్చుకోండి. మన ప్రాంతపు నాణేలకు అది చదివేవాళ్ల అవసరం ఎప్పుడూ ఉంటుంది.

ఉద్యోగాల విషయంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. మ్యూజియాల్లో పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఆలస్యం. అందుకే మొదటి జీతానికి హాల్‌మార్కింగ్ కేంద్రాలు మంచి మెట్టు. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగల అమ్మకానికి అంకెలు, అక్షరాలు కలిపి ఆరు ఉండే గుర్తింపు సంఖ్య (హెచ్‌యూఐడీ) తప్పనిసరి కావడంతో పరీక్షకుల పనికి ప్రాధాన్యం పెరిగింది. రోజూ ఎక్స్‌ఆర్‌ఎఫ్ మీద, కొలిమి దగ్గర పనిచేస్తే లోహం మీద చెయ్యి తిరుగుతుంది. ఆ తర్వాత వేలం సంస్థల్లో కేటలాగర్‌గా చేరవచ్చు, లేదా అమెరికాలో 1980లలో మొదలైన పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి, నాణెం అసలుదో కాదో, ఏ స్థితిలో ఉందో ధ్రువీకరించే గ్రేడింగ్ సంస్థల తరహా పనుల్లోకి వెళ్లవచ్చు.

చట్టం కూడా చదవాలి. వందేళ్లు దాటిన నాణెం 1972 పురావస్తు చట్టం కింద పురావస్తువు. దాన్ని సొంతంగా విదేశాలకు పంపడం నేరం, వ్యాపారానికి లైసెన్సు కావాలి. భూమిలో దొరికిన నిధిని 1878 చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. నాణెం ఎలా చేతులు మారిందన్నదీ ముఖ్యమే. సీజర్ హత్యకు గుర్తుగా బ్రూటస్ ముద్రించిన బంగారు నాణెం ఒకటి 2020లో లండన్ వేలంలో 32 లక్షల పౌండ్లు దాటింది. నాణెం అసలుదే, చేతులు మారిన చరిత్ర పత్రాలే నకిలీవి. 2023లో అది గ్రీసుకు తిరిగి వెళ్లింది. కాబట్టి పరీక్షకుడి నివేదికలో ‘ఇది మీకెలా వచ్చింది’ అన్న ప్రశ్నకు ఒక పేరా ఉండి తీరాలి.

ఇప్పుడే మొదలుపెట్టాలనుకుంటే హైదరాబాద్ సైఫాబాద్ పాత టంకశాలలో 2022లో తెరిచిన మ్యూజియానికి వెళ్లి, అచ్చులు, యంత్రాలు దగ్గరగా చూడండి. తర్వాత 0.01 గ్రాము చూపే తక్కెడ, పది రెట్ల భూతద్దం కొనుక్కుని, ఇంట్లో ఉన్న పాత రాగి, వెండి నాణేలు తూచి, కొలిచి, రెండు వైపులా, అంచు కూడా ఫొటో తీసి ఒక్కోదానికి ఒక పేజీ నివేదిక రాయండి. అలాంటివి ముప్పై పోగయ్యాక ఇంటర్న్‌షిప్ దరఖాస్తుకు జత చేయండి. తేల్చలేకపోయిన నాణేల నివేదికలు కూడా అందులో ఉంచండి. ఎక్కడ ఆగారో, ఏ పరీక్ష చేస్తే ముందుకు వెళ్లేవారో రాసిన పేజీలను ఎంపిక చేసేవాళ్లు ముందు చదువుతారు.