పాత కారుల ఇంజనులు: పునర్నిర్మాణము, తూనిక

హైదరాబాదునుండి విజయవాడకు పోవు పెద్దబాట సూర్యాపేట, కోదాడ పట్టణముల మీదుగా సాగుచున్నది. ఆ బాట ప్రక్కనున్న షెడ్లలో ఇంజనులు విప్పుట, బోరింగు చేయించుట, మరల బిగించుట మన విద్యార్థులు తఱుచు చూచుచున్న పనియే. మిర్యాలగూడ ప్రాంతమున బియ్యపు మిల్లుల యంత్రములును, పొలములలో నీరు తోడు ఇంజనులును అందఱికి పరిచితములే. ఇట్టి చోట పెరుగు బాలబాలికలకు యంత్రశాస్త్రమునందలి ఒక చిన్న పాఠమును పాత కారుల మూలమున చెప్పదలచితిమి. ఇంజను యొక్క బలము నడిపినంతనే తెలియును. దాని లోపలి సమత్వమో, మూత బిగించిన పిమ్మట ఎవరికిని కనబడదు. అయినను ఇంజను ఆయువు చాలవఱకు ఆ కనబడని సమత్వముమీదనే ఆధారపడియున్నది.

మన ప్రాంతమున మోటారు బండి నిన్న మొన్న వచ్చినది కాదు. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ తెప్పింపనెంచి, 1911లో ఆయన మరణించిన పిదప ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాన్ కాలమున వచ్చి చేరిన పసుపుపచ్చని రోల్సు రాయిసు సిల్వర్ ఘోస్టు బండి హైదరాబాదునందలి చౌమహల్లా ప్రాసాదమున ప్రదర్శనకు ఉంచబడినది. 1932లో నిజాము రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతోను 166 మంది ఉద్యోగులతోను రోడ్డు రవాణా శాఖను ఆరంభించిరి. ఆ నాటి ఆల్బియన్ బస్సొకటి హైదరాబాదులో భద్రపరుపబడియున్నది. ఇట్టి పురాతనపు బండ్లలో అనేకములకు విడిభాగములు అంగడిలో దొరకవు. నేటి లారీకి క్రాంకు షాఫ్టు విఱిగినచో మఱియొకటి కొనవచ్చును. నూఱేండ్ల బండికి విఱిగినచో క్రొత్తగా చేయింపవలసినదే. అజాగ్రత్తగల చేయి ఒక్క సాయంకాలమున చేసిన నష్టము ఏండ్లు గడచినను తీఱకపోవచ్చును.

బహుకాలము కదలక నిలిచిన ఇంజనును ఒక్కసారిగా నడుపరాదు. లోపల నూనె జాఱిపోయి, పిస్టను రింగులు త్రుప్పుపట్టి సిలిండరు గోడలకు అంటుకొనియుండును. మొదట సిలిండరులలో పలుచని నూనె పోసి, కొన్ని దినములు నాననిచ్చి, పిమ్మట చేతితో మెల్లగా త్రిప్పి చూడవలెను. విప్పునపుడు ఏ పిస్టను ఏ సిలిండరులోనిది, ఏ మూత ఏ రాడ్డునకు చెందినది గుర్తులు పెట్టవలెను. ఇవి యొకదానితో నొకటి అరిగి ఒదిగిన జతలు. జత తప్పినచో మరల కుదురవు.

తరువాతిది పరీక్ష. సంతలో కుండను కొనువారు వ్రేలితో కొట్టి ధ్వని వినుట మనమెఱిగినదే. క్రాంకు షాఫ్టును వ్రేలాడదీసి చిన్న సుత్తితో మెల్లగా తట్టినచో, మంచిది గంటవలె మ్రోగును. పగిలినది మొద్దుగా పలుకును. చెవికి తెలియని సన్నని పగుళ్లకు వేఱొక ఉపాయము కలదు. వస్తువును కిరసనాయిలులో నానబెట్టి, పొడిగుడ్డతో తుడిచి, పైని సుద్దపొడి పూయుదురు. పగులునందు దాగిన నూనె మెల్లగా ఊరి, తెల్లని సుద్దమీద నల్లని గీతగా కనబడును. పగిలిన షాఫ్టును సానబట్టి లాభము లేదు.

షాఫ్టు తిరుగు చోట్ల నుండు బేరింగులు ఆ కాలపు ఇంజనులలో తఱుచుగా బాబిట్టు అను మెత్తని లోహముతో పోయబడెడివి. 1839లో అమెరికావాడగు ఐజాకు బాబిట్టు ఈ మిశ్రమమును కనిపెట్టెను. తగరము ముఖ్యముగా, అంటిమొని, రాగి కొద్దిగా చేర్చి దీనిని చేయుదురు. కఱిగిన లోహమును గూటిలో పోసి, చల్లారిన పిదప కొలతకు తొలుతురు. తరువాత షాఫ్టునకు నీలిరంగు పలుచగా పూసి త్రిప్పినచో, బేరింగులో ఎత్తైన చోట్లకు రంగు అంటును. ఆ చోట్లను గీకుడు కత్తితో గీకి మరల త్రిప్పి చూతురు. అంగుళమును వేయి భాగములు చేసినచో వానిలో ఒకటి రెండు భాగముల సందు మాత్రమే నూనెకు విడువవలెను. మార్చుటకు వీలగు రేకు బేరింగులు వాడుకలోనికి వచ్చిన పిమ్మట ఈ పోత పని చేయువారు మిక్కిలి తగ్గిపోయిరి. నేర్చువారు లేనిచో ఈ విద్య చేతులనుండి జాఱిపోవును.

ఇక తూనిక మాట. 10 గ్రాములనగా నేటి బంగారపు అంగడిలో తులమని చెప్పెడి ఎత్తు. షాఫ్టు నడిమి గీతకు 5 సెంటీమీటర్ల దూరమున ఒక ప్రక్క తులమంత బరువు అధికముగా ఉన్నదనుకొందము. షాఫ్టు నిలిచియున్నంతవఱకు ఆ తులము తులమే. నిమిషమునకు 1500 చుట్లు తిరుగునపుడు అది సుమారు ఒకటింబావు కిలోల బలముతో షాఫ్టును ప్రక్కకు లాగును. 3000 చుట్లకు వేగము హెచ్చినచో లాగు బలము రెండున్నర కిలోలు గాదు, 5 కిలోలు. వేగము రెట్టించిన బలము నాలుగింతలగును, మూడింతలైన తొమ్మిదింతలగును. ఈ లాగు సెకనుకు 50 మారులు అన్ని దిక్కులకును త్రిప్పి త్రిప్పి బేరింగులను కొట్టును. బోల్టులు వదులగుట, బాబిట్టు బీటలువారుట, తుదకు షాఫ్టు విఱుగుట దాని ఫలములు.

కావున పిస్టనులను తూచి, అన్నిటిలో తేలికయైనదానికి సరిపడునట్లు తక్కినవానిని లోపలి అంచున కొంచెము కొంచెముగా తఱుగుదురు. కనెక్టింగు రాడ్డులను మొత్తము తూచిన చాలదు. దాని పెద్ద కొన షాఫ్టుతో తిరుగును, చిన్న కొన పిస్టనుతో పైకి క్రిందికి పోవును. అందుచే ఒక కొనను ఆధారముపై నిలిపి, రాడ్డును సమమట్టముగా ఉంచి, రెండవ కొనను త్రాసుపై పెట్టి, ఒక్కొక్క కొనను వేఱువేఱుగా తూచవలెను. రాడ్డు నడుమును, బోల్టుల చుట్టుగల లోహమును తాకరాదు. తూకము కుదిరి బలము పోయినచో ఏమి లాభము?

షాఫ్టును ఫ్లైవీలును నునుపైన రెండు సమమట్టపు కడ్డీలపై ఉంచినచో, బరువైన ప్రక్క తనంతట క్రిందికి దిగును. ఇది నిలుకడ తూకము. ఇది కుదిరినను పని ముగియలేదు. ముందు కొనలో పైప్రక్క ఒక బరువు, వెనుక కొనలో క్రిందిప్రక్క అంతే బరువు ఉన్నచో కడ్డీలపై షాఫ్టు కదలక నిలుచును. తిరుగునపుడు మాత్రము అల్లాడును. కావడి ముందు కొనను ఒకడు కుడికిని, వెనుక కొనను మఱియొకడు ఎడమకును సమానముగా లాగినచో, మోయువాడు ఉన్నచోటనే మెలితిరుగును గదా! ఇట్టి దోషమును కనుగొనుటకు షాఫ్టును యంత్రముపై త్రిప్పి చూడవలెను. ఇది నడక తూకము.

తూచిన మాత్రమున తీఱని దోషములును కలవు. పొలములోని ఒంటి సిలిండరు ఇంజను ఎంత జాగ్రత్తగా కట్టినను కొంత అదరును. ఒక్క పిస్టను రాకపోకలను తిరుగుడు బరువుతో పూర్తిగా అణచుట సాధ్యము కాదు. వరుస నాలుగు సిలిండరుల ఇంజనులో రెండు పిస్టనులు లేచునపుడు రెండు దిగును గాన పెద్ద అదురు పోవును. కాని రాడ్డు ఏటవాలుగా వంగుటచేత పైసగములో పిస్టను వేగము హెచ్చు, క్రిందిసగములో తక్కువ. అందుచే చుట్టునకు రెండుమారులు వచ్చు చిన్న అదురు మిగులును. ఇంగ్లండు దేశపు ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టరు రెట్టింపు వేగముతో ఎదురెదురుగా తిరుగు రెండు షాఫ్టులచే దానిని అణచు మార్గము చూపెను. వరుస ఆఱు సిలిండరులలో ఈ రెండు అదురులును తమలో తాము తీఱిపోవును. ఆఱు సిలిండరుల సిల్వర్ ఘోస్టు బండి నెమ్మదికి ఇదియొక కారణము. తీఱు దోషమేదో, తీఱనిదేదో తెలిసినవాడే మంచి మేస్త్రి.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. షెడ్డు పని చదువు రానివారి పనియని పిల్లలయెదుట తక్కువ చేసి మాటలాడవలదు. పైని చెప్పిన పనిలో గణితము, భౌతికశాస్త్రము, లోహశాస్త్రము మూడును ఉన్నవి. వాహనము గలవారు మేస్త్రిని తొందరపెట్టుటయు తగదు. తూకము చూడక బిగించిన ఇంజనునకును, చూచి బిగించినదానికిని మొదటి దినమున భేదము అంతగా తెలియదు. ఆ భేదము తెలియునది రాత్రివేళ నడిబాటపై రాడ్డు విఱిగి ఇంజను గోడను పొడిచినప్పుడే.

విద్యార్థులారా, ఈ లెక్క చేసి చూడుడు. ఫ్లైవీలు నడిమి గీతకు 15 సెంటీమీటర్ల దూరమున 20 గ్రాములు అధికముగా ఉన్నవి. నిమిషమునకు 1500 చుట్ల వేగమున అవి ఎంత బలముతో లాగును? బరువు ఎన్నింతలో, దూరము ఎన్నింతలో మొదట చూచి, పైని చెప్పిన ఒకటింబావు కిలోలను దానితో హెచ్చింపుడు. ఏడున్నర కిలోలు వచ్చినచో మీ లెక్క సరి.