రెండో మనిషి మౌనం

యుద్ధకాలపు ప్రేమకథ రాయడానికి కూర్చున్న విలేకరి ముందు ఒక్కటి చూసుకోవాలి: ఆ ఇద్దరిలో మనకు కథ చెబుతున్నది ఎవరు?

డేవిడ్ విస్నియా, జిప్పీ స్పిట్జర్ నాజీల ఆష్విట్జ్ శిబిరంలో యూదు ఖైదీలు. ఆయన పాటగాడు. ఆమె బ్రాటిస్లావాలో గ్రాఫిక్ డిజైన్ నేర్చుకున్నారు, ఆ పనితనమే ఆమెను శిబిరం ఆఫీసుకు చేర్చింది. ఖైదీల బట్టల మూటల చాటున కలుసుకునేవాళ్లు. ప్రాణాలతో బయటపడితే వార్సాలో కలుద్దామనుకున్నారు. ఆయన వెళ్లలేదు, అమెరికా సైనికుల వెంట వెళ్లిపోయారు. మళ్లీ చూసుకున్నది 2016లో, న్యూయార్కులో, మంచాన పడ్డ ఆమె పక్కన. 2018లో ఆమె పోయారు. విలేకరి కేరెన్ బ్లాంక్‌ఫెల్డ్ 2019లో న్యూయార్క్ టైమ్స్‌లో ఈ కథ రాశారు, తర్వాత పుస్తకం చేశారు.

జిప్పీ నోరు విప్పని మనిషేం కాదు. 1946లోనే డేవిడ్ బోడర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త జర్మనీలోని ఫెల్డాఫింగ్ శరణార్థి శిబిరానికి వచ్చి, సన్నటి ఇనుప తీగ మీద ఆమె గొంతు రికార్డు చేశారు. తర్వాత ఆమె దశాబ్దాలపాటు చరిత్రకారులకు వివరాలిచ్చారు. ఖైదీ ఆడవాళ్ల బట్టల మీద ఎర్ర గీత గీయడానికి రంగు పొడిని వార్నిష్‌లో కలిపిన సంగతి కూడా దాచలేదు. ఈ ప్రేమ ఊసు మాత్రం బయటపెట్టలేదు.

ఆ మౌనాన్ని మన ఊహతో నింపకూడదు. ఆమె ఏమనుకున్నారో ఆమే చెప్పకపోతే మనకు తెలియదు. 'విస్నియా గుర్తు చేసుకున్నదాని ప్రకారం' అని రాస్తే కథ చప్పబడుతుందని భయపడకండి. పాఠకుడు మిమ్మల్ని నమ్మేది అక్కడే.

నోటుబుక్కులో మూడు గళ్లు గీసుకోండి: కాగితంలో ఉన్నది, మనిషి చెప్పింది, నేను అనుకుంటున్నది. మూడో గడిలోది అచ్చులోకి రానివ్వకండి. 2018లో వచ్చిన 'ద టాటూయిస్ట్ ఆఫ్ ఆష్విట్జ్' నవలే అయినా, నిజకథ ఆధారంగా అన్నందుకు నాయిక చేతి మీది ఖైదీ నంబరు దగ్గరే పట్టుబడింది. పుస్తకంలో 34902, ఆ పాత్రకు మూలమైన మనిషి స్వయంగా చెప్పింది 4562. జర్మనీలోని ఆరోల్సన్ ఆర్కైవ్స్‌లో బాధితుల రికార్డులు చాలావరకు ఆన్‌లైన్లోనే దొరుకుతాయి. ముందు అవి చదివి, తర్వాత మనిషి దగ్గరకు వెళ్లండి.

మన ఇళ్లలోనూ ఇలాంటి కథలున్నాయి. 1941 డిసెంబరు 23న బర్మాలోని రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక కొండలూ అడవులూ దాటి నడిచొచ్చినవాళ్లలో తెలుగు కూలీలు ఎందరో. దారిలో విడిపోయిన భార్యాభర్తల సంగతి ఇప్పుడు వాళ్ల పిల్లలో మనవలో చెబుతారు. విన్న మాటను విన్న మాటగానే రాయండి. 'అప్పుడు ఎలా అనిపించింది' అని మొదలుపెట్టకండి. ఏం మోసుకొచ్చారు, ఏం పారేశారు, ఇంటికి చేరిన రోజు తలుపు తీసిందెవరు అని అడగండి. పెద్దవాళ్లయితే గంటకు మించి కూర్చోబెట్టకండి, రెండు మూడుసార్లు వెళ్లండి. రెండోసారి చెప్పినప్పుడు మారిన మాటను తప్పు పట్టకుండా రాసుకోండి. ట్రంకుపెట్టెలోంచి ఉత్తరమో ఫోటోనో తీసిస్తే, అక్కడే కూర్చుని సెల్‌ఫోన్లో బొమ్మ తీసుకుని, అసలుది వాళ్ల చేతిలో పెట్టే లేవండి.